‘గాలిలో కాల్పులు’: ఒక జిల్లా పేరు, దాని చివరి ఇకారం

ప్రశ్న:
నల్లసముద్రం ఒడ్డున ఉన్న, జార్జియా తనదే అంటున్నా విడిగా పాలన నడుపుకుంటున్న అబ్ఖాజియా మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నానండి. అందులో ‘గాలి’ అనే జిల్లా ఉంది. ‘గాలిలో కాల్పులు’ అని రాస్తే పోలీసులు గాల్లోకి కాల్చారనుకుంటారు. ‘గాలి ప్రజలు’ అన్నా అదే తంటా. ఇంకో మ్యాపులో గల్ అని ఉంది. రాజధాని ఒకచోట సుఖుమి, ఇంకోచోట సుఖుమ్. పైగా జిల్లాలు ఆరో ఏడో తేలడం లేదు. ఏది ఖాయం చేసుకోమంటారు?

జవాబు:
ముందు గాలి తీసేద్దాం. జార్జియన్‌లో మనలా హ్రస్వదీర్ఘాల తేడా లేదు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనవాళ్ళు ‘గా’ అని సాగదీశారంతే. ‘గలి’ అని రాయండి, ‘గలి జిల్లాలో కాల్పులు’ అనండి. గొడవ వదిలిపోతుంది.

అసలు పేచీ చివరి ఇకారంతో. అది జార్జియన్ ప్రథమా విభక్తి. హల్లుతో ముగిసే పేరును వాళ్ళు ఊరికే వదలరు, ఇకారం చేరుస్తారు. మనం బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసినట్టే. విభక్తి మారితే ఆ ఇకారం ఎగిరిపోతుంది. సొఫెలి అంటే ఊరు, సొఫెల్‌షి అంటే ఊళ్ళో. సొఖుమి నగరం పేరు (మీ సుఖుమికి జార్జియన్ రూపం), సొఖుమ్‌షి అంటే సొఖుమిలో. ఆ లెక్కన ‘సుఖుమిలో’ అని మనం రాస్తే వాళ్ళ విభక్తి మీద మన విభక్తి పెట్టినట్టు!

అబ్ఖాజ్ భాషది పూర్తిగా వేరే కుటుంబం. అందులో నామవాచకానికి ముందు అకారం వస్తుంది. రష్యన్ ‘రయోన్’ని తీసుకుని ‘అరయోన్’ చేసుకున్నారు, జిల్లా అని అర్థం. చివర ఇకారం వాళ్ళ అలవాటు కాదు. అందుకే గలి వాళ్ళకు గల్, త్క్వార్చెలి అనే ఊరు త్క్వార్చల్. రాజధానికైతే వాళ్ళ సొంత పేరే ఉంది, అక్వా.

ఇంతమాత్రమే అయితే వ్యాకరణ పాఠంతో సరిపోయేది. సోవియట్ కాలంలో 1936లో సుఖుమ్‌ను అధికారికంగా సుఖుమి చేశారు. 1938లో అబ్ఖాజ్ భాషకు జార్జియన్ లిపి పెట్టారు, అది 1954 దాకా నడిచింది. మధ్యలో 1945–46లో అబ్ఖాజ్ బడులు మూసి పిల్లల్ని జార్జియన్ చదువుకు మళ్ళించారు. ఎన్నో ఊళ్ళ పేర్లు మారింది కూడా ఆ రోజుల్లోనే. కాబట్టి ఆ ఇకారం వినగానే అబ్ఖాజ్‌లకు గుర్తొచ్చేది ఆ కాలం.

అటువైపు బాధా తక్కువది కాదు. 1989 లెక్కల్లో అక్కడి జనాభాలో జార్జియన్లు 45 శాతం పైన, అబ్ఖాజ్‌లు 18 శాతం లోపు. 1992 ఆగస్టు నుంచి 1993 సెప్టెంబరు దాకా జార్జియన్లకూ అబ్ఖాజ్‌లకూ మధ్య యుద్ధం జరిగింది. రెండు లక్షల మందికి పైగా జార్జియన్లు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. కొందరు తిరిగొచ్చింది ఎక్కువగా ఈ గలి జిల్లాకే. తరిమేసిన ఊరి పేరులోంచి అక్షరం కూడా తీసేశారంటే వాళ్ళకు కడుపు మండదా?

ఇక ఆరా ఏడా అంటారా, రెండూ నిజమే. జార్జియా లెక్కలో గగ్ర, గుదౌత, సొఖుమి, గుల్రిప్షి, ఒచమ్‌చిరె, గలి. అబ్ఖాజ్ అధికారులు 1995లో ఒచమ్‌చిరె, గలి జిల్లాల్లోంచి కొంత కొంత తీసి త్క్వార్చెలి జిల్లా పెట్టారు. జార్జియా దాన్ని ఒప్పుకోదు. దీంతో ఒకే ఊరు రెండు జిల్లాల్లో ఉంటుంది. బెదియా చూడండి. జార్జియాను ఏకం చేసిన మూడో బగ్రాత్ అక్కడ పెద్ద చర్చి కట్టించాడు, ఆయన సమాధీ అక్కడే. జార్జియా కాగితాల్లో అది ఒచమ్‌చిరె జిల్లా, అబ్ఖాజ్ కాగితాల్లో త్క్వార్చెలి జిల్లా. మీ వ్యాసంలో ఊరు–జిల్లా పట్టిక ఉంటే అది ఎవరి లెక్కో పైన ఒక్క ముక్క రాయండి. లేకపోతే తప్పు దొర్లిందని పాఠకులు మిమ్మల్నే అంటారు.

ఇంకొకరు:
రష్యా గుర్తించింది కదా మాస్టారూ, అబ్ఖాజియాను ‘దేశం’ అని రాసేయొచ్చుగా?

జవాబు:
తొందరపడకండి. 2008 ఆగస్టు 26న రష్యా గుర్తించిన మాట నిజమే. తర్వాత గుర్తించినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని దేశాలు. పసిఫిక్‌లోని తువాలు అనే చిన్న ద్వీపదేశమైతే 2011లో గుర్తించి 2014లో వెనక్కి తీసుకుంది. మన దేశం గుర్తించలేదు. ‘ప్రాంతం’ అంటే సరిపోతుంది, ఎవరి పక్షమూ పట్టినట్టు కాదు. అసలు అక్కడ విడిపోవడం కూడా పూర్తిగా కుదరలేదు. ఎంగురి నది మీద డ్యామ్ జార్జియా చేతిలో ఉంది, పవర్ హౌస్ గలి జిల్లాలో ఉంది. కరెంటు కావాలంటే ఇద్దరూ కలిసి నడపాల్సిందే.

మరో సభ్యురాలు, సాలూరు వైపు నుంచి:
ఈ పేర్ల గోల మాకు కొత్త కాదండీ. మా పక్కనే కొటియా పల్లెలు, 21 ఊళ్ళు. ఆంధ్ర మావంటుంది, ఒడిశా మావంటుంది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మన కాగితాల్లో పట్టుచెన్నూరు, వాళ్ళ కాగితాల్లో ఫటుసినేరి. మన పగులుచెన్నూరు వాళ్ళకు ఫగునసినేరి. గంజాయిభద్ర వాళ్ళకు గంజెయిపదర్. చివర ‘ఊరు’ చేరేసరికి తెలుగు ఊరైపోయింది చూశారా! కొండల్లో ఉండేవాళ్ళకు మాత్రం రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి, పథకం ఎటు వస్తే అటు.

జవాబు:
సరిగ్గా అదేనమ్మా. ‘ఊరు’, ‘పదర్’ చూసి ఎవరి కాగితమో మీరు ఇట్టే చెప్పగలరు. అక్కడ ఇకారం చేసే పనీ అదే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. అయితే సుఖుమి, గలి అని పెట్టేస్తున్నాను, మొదటిసారి వచ్చినచోట అబ్ఖాజ్ పేరు కూడా ఇస్తాను. తెలుగు పాఠకులకు సుఖుమే ఎక్కువ పరిచయం... ఛ, చూశారా, ‘సుఖుమి + ఏ’ అని నా ఉద్దేశం, సంధిలో ఇకారం పోయి నేనూ సుఖుమ్ పక్షం అయిపోయాను!

జవాబు:
మీరు పెట్టిన పద్ధతి బాగుంది. ఒకటే జాగ్రత్త, కలగాపులగం చేయొద్దు. ఒక పేరాలో సుఖుమ్, తర్వాతి పేరాలో సుఖుమి వస్తే అవి రెండు ఊళ్ళనుకునేవాళ్ళుంటారు. ఆ త్క్వార్చెలిని మాత్రం ట్వార్చెలి, తకువార్చెలి అని తిప్పకుండా అలాగే ఉంచండి. నోరు తిరగదని ఫోన్లు వస్తే నా నంబరివ్వండి.