పాలు పెరుగు గుడ్లు అన్నీ బంద్ చేసిన, ప్రోటీన్, విటమిన్ బీ12 ఎట్ల సరిపెట్టుకోవాలె? (నల్లగొండ)

దేవరకొండ_పంతులమ్మ:

అందరికీ నమస్తే. నాకు 27 ఏండ్లు, 54 కిలోలు, నల్లగొండల ఒక ప్రైవేటు బడిల లెక్కలు చెప్త. మాది దేవరకొండ దిక్కు ఊరు, ఇంట్ల రెండు బర్రెలున్నయి. పోయిన దసరా నుంచి మాంసం గుడ్లతోని పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడ బంద్ చేసిన.

ఎందుకని అందరు అడుగుతరు కాబట్టి ముందే చెప్త. పోయిన వానకాలంల మా బర్రె ఈనింది, పది రోజులకే దుడ్డె సచ్చిపోయింది. దుడ్డె లేకుంటె బర్రె చేపదు, అంటె పాలు దించదు గద, అందుకని మా బాపు దాని తోలు ఒలిపిచ్చి లోపట గడ్డి నింపి, కాళ్ల లెక్క నాలుగు కట్టెలు పెట్టి బర్రె ముంగట నిలవెట్టిండు. అది దాన్ని నాకుకుంట నాకుకుంట చేపింది. తోలు ఇంకా పచ్చిగనే ఉన్నది, దాని చెవి ఒకటి లోపలికి మడతపడి ఉంటె బర్రె నాలుకతోని దాన్ని తీద్దామని చూస్తున్నది. నేను గుంజకు ఒరిగి చూసిన. ఆ రోజు పాల చాయ్ తాగబుద్ధి కాలె, మళ్ల ఎప్పుడు కాలె. మా బాపును తప్పు పడుతలేను, ఆ పాల పైసలతోనే నన్ను బీఈడీ చదివిచ్చిండు.

ఇప్పటికి తొమ్మిది నెలలు. రెండు నెలల నుంచి బోర్డు దగ్గర మూడో పీరియడ్ కే కాళ్లు గుంజుతున్నయి, ఎంటికలు ఊసిపోతున్నయి, రాత్రి పండుకుంటె అరికాళ్లల్ల చీమలు పాకినట్టు తిమ్మిర్లు. రక్తం చూపిచ్చుకుంటె హిమోగ్లోబిన్ తక్కువున్నది, 10.2 అన్నరు. ఒక ప్రైవేటు దవాఖానకు పోతె పాలు మానుడే నీ రోగం అని చెప్పి 1,100 రూపాయల ప్రోటీన్ పౌడర్ రాసిండ్రు. ఇంటికొచ్చి డబ్బా వెనుక చదివితె మొదటి పేరే పాలపొడి. పైసలు పాయె, డబ్బా అట్లనే ఉన్నది.

నా తిండి ఇది: పొద్దున తొందరల రెండు ఇడ్లీలో ఉప్మానో, పగటీలి డబ్బాల అన్నం, ఏదో ఒక కూర, సాయంత్రం నల్ల చాయ్, మరమరాలు, రాత్రి మళ్ల అన్నం పచ్చిపులుసు. మా అమ్మ రోజు ఫోన్ చేసి పెరుగు లేకుంటె పాణం ఎట్ల నిలుస్తదే అని ఏడుస్తది. మానుకున్నది మళ్ల తినుడు నాతోని కాదు, కానీ అమ్మకు చెప్పనీకి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ దొరికే తిండితోని, నా జీతంతోని అయ్యేది చెప్పుండ్రి.

జడ్చర్ల_పల్లిచేను:

చెల్లె, నేను ఆరేండ్ల నుంచి పాలు మాంసం ముట్టలేదు, మూడెకరాల ఎవుసం చేస్త, బస్తాలు మోస్త. నీ తిండి చదివినంక నాకు కనిపించింది ఒకటే, దాంట్ల పాలు లేకపోవుడు కంటె పప్పు లేకపోవుడు పెద్ద లోటు. రెండు పూటల అన్నమే. పచ్చిపులుసు నాకు కూడ పాణం కానీ దాంట్ల ప్రోటీన్ ఏముంటది చెప్పు.

నువ్వు లెక్కల టీచరువు కాబట్టి లెక్కతోనే చెప్త. హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థోళ్ల లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్, మనలెక్క గింజలు పప్పుల మీదనే బతికేటోళ్లు 1 గ్రాము పెట్టుకుంటె మంచిది. అంటె నీకు 54 గ్రాములు. ఇప్పుడు నువ్వు తినేది రెండు పూటలు కలిపి పావుకిలో బియ్యం అనుకుందాం, దాంట్ల 20 గ్రాములు, ఇడ్లీల, కూరల ఇంకో ఏడెనిమిది. సగం దగ్గరనే ఆగిపోయినవ్.

ఇగ నేను తినేది చెప్త, అంతా పాలమూరు తిండే. పొద్దున రెండు జొన్నరొట్టెలు, పిండి 110 గ్రాములైతది, దాంట్ల 11 గ్రాములు. దాంతోని గట్టి కందిపప్పు, రోజు మొత్తంల ఎండుపప్పు 60 గ్రాములు తూకమేసి పెట్టుకో, 13 గ్రాములు. పప్పుచారు గాదు చెల్లె, పప్పు, గంటె నిలవడాలె. సాయంత్రం మరమరాలు పక్కకు పెట్టి గుడాలు తిను, అలసందలో పెసలో అనుములో పిడికెడు పొద్దున నానబెట్టి పోతె సాయంత్రం ఉడకబెట్టి ఉల్లిగడ్డ నిమ్మకాయ పిండుకోవచ్చు, ఎండువి 50 గ్రాములైతె 11 గ్రాములు. పల్లీలు 40 గ్రాములు, 10 గ్రాములు. ఇవన్ని తిన్నంక అన్నం ఎట్లాగు తగ్గుతది, 150 గ్రాముల బియ్యం అనుకో, ఇంకో 11. మొత్తం 56. పౌడర్ డబ్బా అవసరం ఎక్కడున్నది?

ఇవన్ని చేసుకునుడు చాతగాని రోజు మీల్ మేకర్ 25 గ్రాములు కూరల వేసుకున్నా 13 గ్రాములొస్తది, గిన్ని ప్రోటీన్ గంత తక్కువ పైసలకు ఇంక దేంట్ల రాదు. పప్పు గింజ రెండు కలిపి తినాలె అని ఎందుకంటరంటె బియ్యం జొన్నలల్ల లైసిన్ అనే ప్రోటీన్ భాగం తక్కువ, పప్పుల అది మస్తుంటది, పప్పుల లేనిది గింజల ఉంటది. ఒకే ముద్దల కలవకున్నా పర్వాలేదు, అదే రోజుల తింటె చాలు. మన అవ్వలు గట్కల పప్పు పోసుకుని తిన్నది ఇదే కూడిక. నాకైతె తాండూరు కందిపప్పు తప్ప వేరేది నచ్చదు, అది జీఐ గుర్తింపు, అంటె ఆ ప్రాంతం పంటకే చెల్లే పేరని గుర్తింపు, వచ్చిన పప్పు, జల్ది ఉడుకుతది, ఉడికినంక వాసన వేరే ఉంటది.

బీ12 గురించి నాకంటె తెలిసినోళ్లు చెప్తె బాగుంటది. నేను గోలి వేసుకుంట అంతే.

పాలమూరు_డైటీషియన్:

పై తమ్ముడు చెప్పిన లెక్క కరెక్టే, కానీ అమ్మా మీ పోస్టుల నన్ను భయపెట్టింది ప్రోటీన్ కాదు, అరికాళ్ల తిమ్మిర్లు. మిగతావన్నీ వారం ఆగినా పర్వాలేదు, ఇది ఆగొద్దు. రేపే పోయి సీరం బీ12 పరీక్ష చేయించుకోండి, గోలీలు మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వండి, ముందే వేసుకుంటె రీడింగ్ తప్పు వస్తది. 200 పికోగ్రాముల కింద ఉంటె తక్కువనే అర్థం, అప్పుడు ఇంజెక్షనా గోలీలా అనేది డాక్టరు చెప్తరు, మీకు తిమ్మిర్లు కూడ ఉన్నయి కాబట్టి ఇంజెక్షన్ తోనే మొదలుపెట్టొచ్చు. నరాలు చాలా రోజులు అట్లనే దెబ్బతింటె తర్వాత పూర్తిగా తిరిగి రావు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. ఆకుకూరలు, పప్పులల్ల ఫోలేట్ అనే ఇంకో బీ విటమిన్ బాగా ఉంటది, అది రక్తాన్ని కొంత సరిచేస్తది, రిపోర్టుల హిమోగ్లోబిన్ బాగనే కనిపిస్తది కానీ లోపల బీ12 లేక నరాలు పాడైతనే ఉంటయి. కాబట్టి హిమోగ్లోబిన్ పెరిగింది కదా అని ఊరుకోవద్దు.

బీ12 ఒంట్ల నిల్వ ఉంటది, మామూలుగా రెండు మూడేండ్లన్నా వస్తది. తొమ్మిది నెలలకే మీకు ఇట్ల ఉందంటె దసరాకు ముందు నుంచే తక్కువ ఉండి ఉంటదని నా అనుమానం. పాలు పెరుగు తినే శాకాహారులల్ల కూడ ఇది తక్కువ ఉండుడు నేను వారం వారం చూస్త. అమ్మకు ఈ మాట చెప్పండి, పెరుగు మానుడొక్కటే కారణం కాకపోవచ్చు.

లెవెల్ సరైనంక జీవితాంతం గోలి వేసుకోవాలె, దీంట్ల రాజీ లేదు. రోజుకు కావలసింది రెండు మూడు మైక్రోగ్రాములే కానీ గోలిల నుంచి ఒంటికి పట్టేది కొంచమే, అందుకే రోజు వేసుకునేదైతె కనీసం 10 మైక్రోగ్రాములు, వారానికొకసారి వేసుకునేదైతె 2,000. క్యాప్సూల్ పైపొర జెలటిన్ ది అయితె అది పశువుల ఎముకలు తోలు నుంచి వచ్చేది, మెడికల్ షాపుల టాబ్లెట్ అడగండి. సద్దన్నంల, అంబలిల బీ12 వస్తది అని వీడియోలు తిరుగుతున్నయి, స్పిరులినాల ఉంటదని ఇంకొందరు చెప్తరు. వాటిని నమ్ముకోవద్దు, స్పిరులినాల ఉండేది ఎక్కువ మటుకు మన ఒంటికి పనికిరాని రకం.

ఐరన్ ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు అని లెక్క, మగవాళ్లకు 19. మీ నల్ల చాయ్ ని తిండికి గంట ముందో గంట తర్వాతో జరపండి, తేయాకు తిండిల ఐరన్ ని పట్టనియ్యదు. ఐరన్ ఒంటికి పట్టాలంటె తిన్నంక పుల్లటిది ఒకటి ఉండాలె. మీది నల్లగొండ, బత్తాయిలకు కొదువ లేదు, పగటీలి అన్నం తిన్నంక ఒక బత్తాయి ఒలుచుకుని తినండి. సైంధవ లవణం వాడుతుంటె మాత్రం మానేసి అయోడిన్ ఉప్పు తెచ్చుకోండి.

మునుగోడు_పెద్దాయన:

బిడ్డా, నాకు ఈ వేగన్, అదే మాంసం గుడ్లు పాలు ఏవీ ముట్టని తిండి, సంగతి తెల్వదు గానీ నల్లగొండ అన్నవు కాబట్టి ఒక మాట చెప్పబుద్ధి అయింది. మా తరానికి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగిలింది. మా అన్న నడుము 40 ఏండ్లకే వంగదు, మెడ తిప్పాలంటె మనిషంతా తిరుగుడే. నీకు 27 అంటున్నవు, చిన్నప్పుడు మీ ఊళ్ల బోరు నీళ్లే తాగి ఉంటవు. ఫ్లోరైడ్ తగిలిన ఒంట్ల క్యాల్షియం తక్కువైతె బొక్కలు ఇంకింత దెబ్బతింటయని మాకు శిబిరం పెట్టిన డాక్టర్లు చెప్పిండ్రు. పాలు మానినంక ఆ క్యాల్షియం యాడికెల్లి వస్తుందో అది చూసుకో ముందు.

మా ఇంట్ల తైదలు (రాగులు) ఎప్పుడూ ఉంటయి. తైదంబలి పొద్దున ఒక గిలాస తాగు. నువ్వులు పొట్టు తియ్యనియి, తెల్లగ పాలిష్ పట్టినయి కావు, వేంచి పొడి కొట్టి పెట్టుకో. మునగాకు పప్పుల వెయ్యి, చెట్టు ప్రతి వాకిట్ల ఉంటది, పైసలు పెట్టే పనే లేదు. చింతపండు తింటె ఫ్లోరైడ్ మూత్రంల ఎక్కువ బయటికి పోతదని పోషకాహార సంస్థోళ్లే పిల్లల మీద చూసిండ్రంట, పచ్చిపులుసు నువ్వు మానకు. బోరు నీళ్లు తాగుడు కాదు వంటకు కూడ వాడకు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకో. తేయాకుల కూడ ఫ్లోరైడ్ ఉంటది కాబట్టి ఆ నల్ల చాయ్ జర తగ్గియ్యి.

పాలమూరు_డైటీషియన్:

పెద్దాయన చెప్పింది నేను రాయాల్సింది, మర్చిపోయిన. క్యాల్షియం రోజుకు 1,000 మిల్లీగ్రాములు. తైదలు 100 గ్రాములల్ల 350 దాక ఉంటది, పొట్టు నువ్వులు ఒక పెద్ద చెంచాడు తింటె 100 పైన. పాలకూరల కూడ ఉంటది కానీ దాంట్ల క్యాల్షియంను పట్టి ఉంచే ఆక్సలేట్ వల్ల ఒంటికి పట్టేది చాలా తక్కువ, దాన్ని క్యాల్షియం లెక్కల కలపొద్దు. ఇవన్నీ తిన్నా వెయ్యికి చేరుడు కష్టమే, తక్కువపడ్డది క్యాల్షియం కలిపిన సోయాపాలతోనో గోలితోనో సరిపెట్టాలె. విటమిన్ డి కూడ అదే రక్తంల చూపించుకోండి.

సూర్యాపేట_నర్సి:

ఏమనుకోకు అక్క, ఇన్ని లెక్కలు, గోలీలు, సూదులు ఎందుకు, రోజు ఒక గిలాస పాలు తాగితె అయిపోతది కదా. గోలి వేసుకుంటెనే నిలిచే తిండి మనిషికి సహజమైన తిండేనా?

జడ్చర్ల_పల్లిచేను:

తమ్మీ, నువ్వు అడిగింది నేను ఆరేండ్ల కింద మా ఇంట్ల విన్న మాటే. ఒక గిలాస పాలల్ల బీ12 ఒక మైక్రోగ్రాము చుట్టుముట్టు ఉంటది, దాంతోనే పూర్తిగా అయిపోదు. ఇంకోటి, బీ12 ని బర్రె తయారు చెయ్యదు, దాని కడుపుల ఉండే బ్యాక్టీరియా తయారు చేస్తది. గోలిల ఉండేదాన్ని కూడ బ్యాక్టీరియానే తయారు చేస్తది, ట్యాంకులల్ల. మధ్యల దుడ్డె తోలు లేకుండ నాకు దొరుకుతుంటె నేను అదే తీసుకుంట. ఉప్పుల అయోడిన్ కలిపి తింటున్నం గద, దాన్ని ఎవరూ అసహజం అనరు.

దేవరకొండ_పంతులమ్మ:

ఏడు వారాలైంది, చెప్పాలె కాబట్టి వచ్చిన. బీ12 128 వచ్చింది, విటమిన్ డి కూడ తక్కువనే. డైటీషియన్ మేడం మీరు అంత గట్టిగా చెప్పకుంటె నేను దసరా సెలవులదాక ఆగుదునేమో. వేరే డాక్టరు దగ్గర సూదులు వేయించుకున్న, ఇప్పుడు గోలీలు. ఎడమ పాదంల తిమ్మిర్లు పోయినయి, కుడికాలు బొటనవేలు దగ్గర ఇంకా జర ఉన్నది. హిమోగ్లోబిన్ 11.3.

పోయిన ఆదివారం ఊరికి పోయి అమ్మకు మొత్తం కాగితం మీద రాసి చూపిచ్చిన, పప్పుకు ఇంత, గుడాలకు ఇంత, తైదలకు ఇంత అని. అమ్మకు చదువు రాదు, బాపు చదివి వినిపిచ్చిండు. అమ్మ ఏమనలేదు, లేచి పోయి గుమ్మిల నుంచి అలసందలు తీసి చాటల పోసి రాళ్లు ఏరుకుంట కూసున్నది. వచ్చేటప్పుడు రెండు కిలోలు సంచిల పెట్టింది.

ఒక్కటి అడగాలె. అవిసె గింజలు కూడ తినాలె అంటున్నరు, వట్టిగ నమిలితె గొంతు దిగుతలేవు, ఎట్ల చేసుకుంటరు?

జడ్చర్ల_పల్లిచేను:

కారప్పొడి చేసుకో చెల్లె. అవిసెలు సన్నమంట మీద చిటపటలాడే దాక వేంచు, మాడనియ్యకు, మాడితె చేదు. నువ్వులు వాటిల సగం, ఎండుమిరపకాయలు, జీలకర, చింతపండు చిన్న రెబ్బ, ఉప్పు, చల్లారినంక దంచి ఆఖరికి ఎల్లిపాయలు వేసి ఒక తిప్పు. గింజ గింజగానే మింగితె అట్లనే బయటికి పోతది, పొడి అయితెనే దాంట్ల ఉండే ఒమేగా 3 అనే మంచి కొవ్వు ఒంటికి పడుతది. ఎక్కువ చేసి పెట్టకు, నూనె కారువాసన వస్తది, పది రోజులకు సరిపడ చేసుకో. జొన్నరొట్టె మీద జర పల్లి నూనె వేసి ఈ పొడి అద్దుకుని తిను.