జాజ్ 'కాంబో'ను తెలుగులో ఏమనాలి?

అడిగినవారు:
జాజ్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో కాంబో అన్న మాట పేరాకొకసారి వస్తోంది. మనకు కాంబో అంటే బిర్యానీతో కూల్‌డ్రింక్, లేదా ఫలానా హీరో, డైరెక్టర్ మళ్లీ కలిశారన్న వార్త. ఇక్కడేమో ముగ్గురి నుంచి ఏడెనిమిది మంది దాకా ఉండే జాజ్ బ్యాండ్. 'చిన్న బృందం' అని రాశాను గానీ, చదువుకుంటే చప్పగా ఉంది.

మొదటి జవాబు:
అన్నీ ఒక తల్లి పిల్లలేనండి, కాంబినేషన్‌ను కుదిస్తే వచ్చిన మాటే. 'చిన్న బృందం' తప్పు కాదు, కానీ పెద్ద జాజ్ బృందానికీ (బిగ్ బ్యాండ్) కాంబోకీ అసలు తేడా తలల లెక్కలో లేదు. బిగ్ బ్యాండ్‌లో మామూలుగా 5 శాక్సోఫోన్లు, 4 ట్రంపెట్లు, 4 ట్రాంబోన్లు, పైన పియానో, గిటార్, బాస్, డ్రమ్స్, మొత్తం 17 మంది ఉంటారు. నలుగురు ట్రంపెట్లవాళ్లూ ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తే సంతే. అందుకే ఎవరు ఎక్కడ అందుకోవాలి, ఎవరి సోలో ఎంతసేపు అన్నది అరేంజర్ (ఎవరి భాగం ఏమిటో రాసి కుదిర్చేవాడు) ముందే కాగితం మీద పెడతాడు. (అమెరికన్ పియానిస్ట్ కౌంట్ బేసీ నడిపిన బిగ్ బ్యాండ్ కాగితం లేకుండా చాలా నడిపించింది. అక్కడా వాయిస్తూ వాయిస్తూ కుదుర్చుకున్నదాన్ని అందరూ బుర్రలో పెట్టుకునేవారు.)

కాంబోలో ఆ కాగితం పని చాలా తక్కువ. మొదట అందరూ కలిసి పాట వరుస ఒకసారి వాయిస్తారు. దాన్ని 'హెడ్' అంటారు. తర్వాత ఒక్కొక్కరూ ఆ పాట కార్డ్స్ (chords, కలిపి మోగించే స్వరాల గుత్తులు) మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. పియానో ఆయన వెనకనుంచి అందిస్తూ ఉంటాడు, చివర్లో డ్రమ్మర్‌తో నాలుగేసి బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి) పంచుకోవడం కూడా ఉంటుంది. మన కచేరీలో గాత్రం, వయొలిన్ కల్పనస్వరాలు వంతులేసుకున్నట్టు అనుకోండి. కాకపోతే ఇక్కడ ఎప్పటికీ పక్కవాద్యమే అంటూ ఎవరూ ఉండరు, వంతు వచ్చినవాడే ప్రధానం.

రెండో జవాబు:
త్రయం, చతుష్టయం, పంచకం అని లెక్కతో అంటే సరిపోదా?

మొదటి జవాబు:
త్రయం బాగుంది. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఐదుగురి జట్టును 'మైల్స్ డేవిస్ పంచకం' అంటే మాత్రం మా అమ్మమ్మ తరం వాళ్లు ధనిష్ఠా పంచకం అనుకుని ఇల్లు ఖాళీ చేస్తారు. అష్టకమైతే స్తోత్రం. 'మేళం' చూడండి. మేళనం, మేళవింపు, సమ్మేళనం అన్నింటిలో ఉన్నది కలవడమే, కాంబినేషన్‌కీ అదే అర్థం. సన్నాయి మేళం ఎలాగూ అందరికీ తెలుసు.

మూడో జవాబు:
మేళం సరే, 'చిన్న మేళం' అనేముందు ఆగండి. తమిళనాట నాదస్వరం, తవిల్ (డోలు) జట్టును పెరియ మేళం అనీ, సదిర్ నాట్యం (భరతనాట్యానికి పాత రూపం) వాళ్లను చిన్న మేళం అనీ అనేవారు. సంగీతం తెలిసిన పాఠకుడు అటు వెళ్లిపోతాడు.

ఇంకోటి. చిన్నదీ పెద్దదీ వేరు వేరు మనుషులవి అనుకోకండి. క్లారినెట్ వాయించే బెన్నీ గుడ్‌మన్ పెద్ద బ్యాండ్ నడుపుతూనే 1935లో టెడ్డీ విల్సన్ పియానో, జీన్ క్రూపా డ్రమ్స్‌తో ట్రయో పెట్టాడు, బాస్ కూడా లేదు. 1936లో వైబ్రాఫోన్‌తో (లోహపు పలకల మీద కొట్టి వాయించేది) లయనల్ హాంప్టన్ చేరి క్వార్టెట్ అయింది. విల్సన్, హాంప్టన్ నల్లవాళ్లు, మిగతా ఇద్దరూ తెల్లవాళ్లు. ఆ రోజుల అమెరికాలో అలా ఒకే వేదికెక్కడం చిన్న విషయం కాదు. డబ్బుకోసం చిన్నదైన సందర్భాలూ ఉన్నాయి. ఖర్చులు మోయలేక 1950లో బేసీ పెద్ద బ్యాండ్ ఆపేసి కొద్దిమందితో నెట్టుకొచ్చాడు, 1952లో మళ్లీ పెద్దది కట్టాడు. మీ వ్యాసంలో ఇలాంటి బేసీ వాక్యం ఉంటే అక్కడ 'చిన్న బృందం' హాయిగా సరిపోతుంది, అక్కడ చెప్పేది తలల లెక్కే కదా.

అడిగినవారు:
ఇలా మార్చాను: మొదటిసారి 'కొద్దిమంది కలిసి అప్పటికప్పుడు అల్లుకునే మేళం, జాజ్ వాళ్ల మాటలో కాంబో', ఆ తర్వాత అంతా కాంబోనే. బిగ్ బ్యాండ్‌ను బిగ్ బ్యాండ్‌గానే ఉంచాను. పంచకం రెండుచోట్ల రాసి ఉన్నాను, ఇప్పుడే కొట్టేశాను.