క్లామత్ ఆనకట్టలు కూల్చడం: చేపల కోసం ఇంత ఖర్చా?

లెక్కల మాస్టారు:
కాలిఫోర్నియా, ఒరెగాన్ రాష్ట్రాల మీదుగా పారే క్లామత్ నది మీద నాలుగు జలవిద్యుత్ ఆనకట్టలను 2023, 2024లలో పడగొట్టారు. బడ్జెట్టు దాదాపు 45 కోట్ల డాలర్లు. అందులో 20 కోట్లు కరెంటు వినియోగదారులవి, మిగిలింది కాలిఫోర్నియా బాండ్ల సొమ్ము. బొగ్గు మానమని ఒకవైపు ఊదరగొడుతూ, పొగ రాని కరెంటును చేతులారా కూల్చుకోవడం ఏ లెక్క? సముద్రం నుంచి నదిలోకి ఎదురీది వచ్చి గుడ్లు పెట్టే సాల్మన్ చేపలకు దారివ్వడానికట. సాల్మన్ కావాలంటే హేచరీలు, అంటే చేపపిల్లల్ని పెంచి వదిలే కేంద్రాలు, లేవా? ఆదివాసీ పిల్లలు పడవలెక్కి ఫొటోలు దిగితే నది బాగుపడుతుందా?

పోర్ట్‌లాండ్ ప్రవాసి:
ఆ 20 కోట్లలో నా కరెంటు బిల్లు వాటా కూడా ఉంది కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకుంది. నాలుగూ కలిపి దాదాపు 163 మెగావాట్లు. వాటి యజమాని పసిఫికార్ప్ కరెంటు కంపెనీ మొత్తం ఉత్పత్తిలో రెండు శాతం కూడా కాదు. లైసెన్సు 2006లో ముగిసింది. కొత్తది కావాలంటే చేపలు ఎక్కడానికి మెట్ల కాలువలు కట్టాలన్నారు. వాటికి డబ్బు పోయడం కన్నా కూల్చడమే చౌక అని తేల్చుకున్నది కంపెనీయే. ఇక సాగునీరంటారా, ఈ నాలుగింటి నుంచి పొలాలకు నీళ్లు వెళ్లేవే కావు. రైతుల కాలువలకు నీళ్లిచ్చేది ఎగువ క్లామత్ సరస్సు. అక్కడి లింక్ రివర్, కెనో ఆనకట్టలు ఇప్పటికీ ఉన్నాయి.

గోదారి గట్టు:
మాస్టారూ, హేచరీ సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆ నాలుగింటిలో ఒకటైన ఐరన్ గేట్ ఆనకట్ట కింద 1960ల నుంచి హేచరీ నడిచింది. మరి వసంతంలో నదిలోకి వచ్చే చినూక్ సాల్మన్ ఎందుకు అంత తగ్గిపోయింది? పిల్లల్ని వదిలితే సరిపోదు, అవి తిరిగొచ్చి గుడ్లు పెట్టడానికి చల్లటి ఎగువ నీళ్లు కావాలి. ఆ దారిని వందేళ్లకు పైగా మూసేశారు.

2002 సెప్టెంబరులో ఏం జరిగిందో చూడండి. యూరోక్ తెగ ఉండే దిగువ నదిలో, తక్కువలో తక్కువ లెక్కన, 34 వేల చేపలు చచ్చి తేలాయి. నీళ్లు తగ్గి, వేడెక్కి, మొప్పల రోగం పాకింది. యూరోక్, కరుక్, హూపా, క్లామత్ తెగలకు చేప అంటే కూర ఒక్కటే కాదు, పూజ, పండుగ, పంచుకునే హక్కు. అప్పటినుంచి వాళ్లు ఆగలేదు. కంపెనీ యజమానులు స్కాట్లండ్‌లో ఉన్నప్పుడు 2004లో అక్కడికే వెళ్లి నిలదీశారు. యాజమాన్యం మారాక ఒమాహాలో వాటాదారుల సమావేశానికి వెళ్లారు.

లెక్కల మాస్టారు:
చక్కగా చెప్పారు గానీ ఒక మెలిక. 2002లో నీళ్లు తగ్గింది పొలాలకు మళ్లించినందుకు. అంతకుముందు ఏడాది రైతులకు కాలువలు ఆపేశారు, ఆ కోపం చల్లార్చడానికి 2002లో చేపల కోసం నదిలోకి వదిలే నీళ్లు తగ్గించారు. ఆనకట్టల మీద ఆ పాపం మోపడం న్యాయమా? ఇంకొకటి: 2024 ఫిబ్రవరిలో వదిలిన దాదాపు 8 లక్షల 30 వేల సాల్మన్ పిల్లల్లో చాలావరకు చచ్చిపోయాయి. అది ఎవరి ఖాతాలో వేద్దాం?

గోదారి గట్టు:
మొదటిది సగం ఒప్పుకుంటాను. నీళ్లు మళ్లించడమే తక్షణ కారణం. కానీ జలాశయాలు వేసవి వేడిని శరదృతువు దాకా పట్టుకుంటాయి, నీలి ఆకుపచ్చ నాచును పెంచుతాయి. చేప నదిలోకి వచ్చే కాలంలోనే నది చల్లబడకుండా చేసేవి అవే. రెండోది తప్పే, దాటవేయను. ఇంకా కూల్చని ఐరన్ గేట్ సొరంగం గుండా పిల్లల్ని పోనిచ్చారు, అక్కడి పీడనం మార్పుకు వాయు బుడగల జబ్బు పట్టింది. అయినా చంపింది ఆనకట్ట లేకపోవడం కాదు, ఉండడమే.

పోర్ట్‌లాండ్ ప్రవాసి:
పడవల ఫొటోలు అన్నారుగా. 2025 జూన్, జులై నెలల్లో ఆ తెగల యువతీయువకులు నది పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా దాదాపు 500 కిలోమీటర్లు కయాకుల్లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవల్లో, దిగారు. నెల రోజులు పట్టింది. ఆనకట్టలు పడక ముందే, 2022 నుంచి, అల్లకల్లోలపు నీళ్లలో కయాకు నడపడం నేర్చుకున్నారు. కెనో, లింక్ రివర్ దగ్గర పడవల్ని ఒడ్డు మీదుగా మోసుకెళ్లక తప్పలేదు. నది ఇంకా ఎక్కడ మూసి ఉందో చూపించడానికి ఇంతకంటే మంచి పటం ఏముంది?

కృష్ణా తీరం:
కూల్చిన ఆనకట్ట వెనక నిలిచి ఉండిన కాప్కో సరస్సు ఒడ్డు జనం మాట ఎవరూ ఎత్తరేం? ఆ సరస్సు ఉన్న కాలిఫోర్నియా జిల్లా సిస్కియూ కౌంటీలో 2010లో పెట్టిన సలహా ఓటింగులో ప్రతి ఐదుగురిలో నలుగురు కూల్చొద్దన్నారు. ఇంటి ముందు నీళ్లు పోయి బురద మిగిలితే మనకెలా ఉంటుంది?

గోదారి గట్టు:
బాధే, కాదనను. కాకపోతే ఆ సరస్సు అడుగున ఉన్నది శాస్తా తెగ ఊళ్లు. అప్పుడు వాళ్లనెవరూ ఓటు అడగలేదు. ఇప్పుడు 2,800 ఎకరాలు వాళ్లకు తిరిగి ఇస్తామని 2024 జూన్‌లో కాలిఫోర్నియా ప్రకటించింది. పోలవరం ముంపు గ్రామాలు చూసినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

లెక్కల మాస్టారు:
సరే, ఇంతకీ చేప వచ్చిందా?

పోర్ట్‌లాండ్ ప్రవాసి:
2024 అక్టోబరులోనే, పని ముగిసిన కొద్ది వారాలకే, ఒరెగాన్ వైపు చినూక్ కనబడింది. అక్కడ 1912 తర్వాత అదే మొదలు. మరుసటి ఏడు ఎగువ సరస్సు కూడా దాటి పై ఉపనదుల్లోకి వెళ్లాయి.

లెక్కల మాస్టారు:
రెండేళ్ల చేపలను చూసి లాభనష్టాలు రాయను. కాలిఫోర్నియాలో సముద్రపు సాల్మన్ వేట 2023 నుంచి మూడేళ్లూ వ్యాపారులకు మూతే. కరెంటు పద్దు కొట్టేస్తున్నాను, రెండు శాతం కోసం వాదించను. ఓటింగు పద్దు మాత్రం అలాగే ఉంచుతాను.

గోదారి గట్టు:
ఉంచండి. మీరు మా ఊరు వచ్చినప్పుడు పులస తింటూ మిగతాది మాట్లాడుకుందాం. అదీ సముద్రం నుంచి ఎదురీది వచ్చి ధవళేశ్వరం గోడ దగ్గరే ఆగిపోయే చేపే.