కాపర్‌గేట్ అంటే "రాగి ద్వారం" అనొచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని యార్క్ ఊళ్ళో కాపర్‌గేట్ అనే వీధిలో 1976–81 మధ్య జరిగిన తవ్వకాల వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. కాపర్‌గేట్‌ను "రాగి ద్వారం" అనాలా, పేరు అలాగే ఉంచాలా?

జవాబు: అలాగే ఉంచండి. అందులో రాగీ లేదు, ద్వారమూ లేదు. పాత నార్స్ భాషలో, అంటే స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల భాషలో, గాటా అంటే వీధి. 866లో వైకింగు సేన యార్క్‌ను పట్టుకున్నాక ఆ మాట అక్కడి వీధుల పేర్లలో పాతుకుపోయింది. మికిల్‌గేట్ అంటే పెద్ద వీధి. ఊరి చుట్టూ ఉన్న గోడలోని గుమ్మాన్ని అక్కడ బార్ అంటారు, అందుకే ఆ వీధి గుమ్మం పేరు మికిల్‌గేట్ బార్. ఇక కాపర్ అన్నది కొప్పారి నుంచి, అంటే కొయ్యగిన్నెలు చేసేవాడు అన్న మాట నుంచి వచ్చిందని స్థలనామాల పండితులు చెబుతారు.

ఇంకొకరు: అక్కడ లోహం కరిగించిన మూసలూ, నాణేల ఇనుప అచ్చులూ దొరికాయి కదండీ?

జవాబు: దొరికాయి, కానీ దొరికినదాన్ని బట్టి పేరుకు అర్థం కట్టకూడదు. పైగా గిన్నెల పనికీ గట్టి ఆనవాలుంది. తరిమెన (కొయ్యను గుండ్రంగా తిప్పుతూ చెక్కే సాధనం) పట్టి గిన్నె తొలిచేటప్పుడు నడుమ శంకువులాంటి దిమ్మ మిగులుతుంది, చివర్లో దాన్ని విరిచి పారేస్తారు. గిన్నె కొన్నవాడితో పోతుంది, దిమ్మ చేసినచోటే పడి ఉంటుంది. కాపర్‌గేట్‌లో అలాంటి దిమ్మలు బయటపడ్డాయి. ఆ తరిమెనను "లేతు మిషన్" అనకండి. అది కాలితో తొక్కేది. తొక్కితే తాడు చుట్టిన కొయ్య ముందుకు తిరుగుతుంది, పైనున్న గడ తాడును లాగితే వెనక్కి తిరుగుతుంది. ముందుకు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది.

అడిగినవారు: చాలా సాయం చేశారండీ. "వాటర్‌లాగ్డ్" కొయ్యకు "నీట మునిగిన" సరిపోతుందా?

జవాబు: చెరువులో మునిగిందనుకుంటారు. "నీరూరిన కొయ్య" అనండి. చెమ్మ ఆరని మట్టిలోకి గాలి చొరబడక కొయ్య, తోలు, గుడ్డ వెయ్యేళ్ళు నిలిచాయి. అలాంటి కొయ్యలో కణాల గోడలు చాలామటుకు కరిగిపోయి, లోపలి నీరే ఆకారాన్ని నిలబెడుతుంది. ఆరిందా, గోడలు లోపలికి కుంగి, చెక్క ముడుచుకుని పగులుతుంది. మళ్ళీ తడిపినా పాత రూపం రాదు. అందుకే తవ్వుతున్నంతసేపూ నీళ్ళు చల్లి పాలిథీన్ కప్పుతారు. తర్వాత మైనంలాంటి పాలిఇథిలీన్ గ్లైకాల్ ద్రావణంలో నెలల తరబడి నానబెట్టి, అది నీటి చోటులోకి చేరాకే ఆరబెడతారు. మీ అనువాదంలో "కడిగి ఎండబెట్టారు" అని ఎక్కడైనా ఉంటే మూలంతో మళ్ళీ సరిచూడండి.