నొప్పి ఆగింది, రాయి మాత్రం కనిపించలేదు

కుడి మూత్రనాళం చివర, మూత్రాశయానికి కాస్త పైన 5 మి.మీ. రాయి ఉందని సీటీ స్కాన్‌లో తేలింది. దానంతట అదే పడిపోవచ్చని డాక్టర్ రాత్రిపూట వేసుకోవడానికి మూత్రనాళాన్ని వదులు చేసే మందు టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. రాశారు. అప్పటి నుంచి రోజుకు 3 లీటర్ల దాకా నీళ్లు తాగుతున్నాను, బాగా నడుస్తున్నాను, ప్రతిసారీ మూత్రం వడకట్టి చూస్తున్నాను. మూడు వారాలు దాటినా జల్లెడలో ఇసుక రేణువంత కూడా చిక్కలేదు.

నడుము పక్క నుంచి గజ్జల్లోకి దిగే ఆ మెలిపెట్టే నొప్పి మాత్రం సోమవారం తెల్లవారుజామున ఉన్నట్టుండి ఆగిపోయింది. జ్వరం, వాంతులు లేవు. కానీ అరగంటకోసారి మూత్రం వస్తున్నట్టే ఉంటుంది, వెళ్తే నాలుగు చుక్కలే. అదే నా టెన్షన్. నొప్పి లేకపోయినా రాయి అడ్డంగానే ఉండి కిడ్నీ వాచొచ్చు కాబట్టి మళ్లీ స్కాన్ ఎలాగూ చేయించుకుంటాను.

ఇలాగే నొప్పి పోయి మూత్రం ఇబ్బంది మాత్రమే మిగిలినవాళ్లు ఉంటే చెప్పండి: మీకు రెండో స్కాన్‌లో రాయి పోయిందని తేలిందా, అక్కడే ఉందా?