మూడు ఎలిమెంట్ల యాగీ కంటే రబ్బరు యాంటెన్నాకే బాగా వినబడుతోంది: లోపం ఎక్కడ?

ప్రశ్న: హనుమకొండ సభ్యుడు

మిత్రులందరికీ నమస్కారం. నాకు హామ్ రేడియో (అమెచ్యూర్ రేడియో) రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సు వచ్చి ఆరు నెలలయింది. నా దగ్గర ఉన్నది 5 వాట్ల హ్యాండీ (చేతిలో పట్టుకునే రేడియో సెట్టు) ఒక్కటే. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండే మా గురువుగారు రోజూ సాయంత్రం 2 మీటర్ల బ్యాండులో (144–146 మెగాహెర్ట్జ్), ఎఫ్ఎంలో మాట్లాడతారు. ఆయన ఇంటి మీద నిలువు గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా, లోపల 25 వాట్ల సెట్టు ఉన్నాయి. మా స్లాబు మీద నిలబడి, హ్యాండీతో పాటు వచ్చిన రబ్బరు యాంటెన్నాతో వింటే ఆయన మాట గరగర మధ్య అర్థమవుతుంది కానీ నా మాట ఆయనకు అందదు.

అందుకని ఇనుప కొలత టేపు ముక్కలతో, పీవీసీ పైపుతో మూడు ఎలిమెంట్ల యాగీ (ఒక దిక్కుకు శక్తిని కేంద్రీకరించే యాంటెన్నా) ఒకటి చేసుకున్నాను. వెనుక ఉండే రిఫ్లెక్టర్ 105 సెంటీమీటర్లు, ముందు ఉండే డైరెక్టర్ 89, కేబుల్ తగిలించే మధ్యనున్న డ్రివెన్ ఎలిమెంట్ రెండు సగాలు ఒక్కొక్కటి 45 సెంటీమీటర్లు. రిఫ్లెక్టర్‌కూ డ్రివెన్‌కూ నడుమ 20 సెంటీమీటర్లు, అక్కడి నుంచి డైరెక్టర్‌కు 32 సెంటీమీటర్ల దూరం పెట్టాను. సుమారు 13 సెంటీమీటర్ల తీగను హెయిర్‌పిన్నులా వంచి డ్రివెన్ రెండు సగాలకూ కలిపి టంకం వేశాను. నానో వీఎన్ఏతో (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) చూస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా తిప్పికొట్టే శక్తిని చూపే అంకె, 1కి దగ్గరగా ఉంటే మేలు) 1.4 చూపించింది.

ఒకప్పుడు మా ఇంటి దూరదర్శన్ యాంటెన్నా ఉండిన 3 మీటర్ల జీఐ పైపు స్లాబు మీద ఇంకా గట్టిగానే ఉంది. నాన్న ఆ యాంటెన్నాను ఎలా బిగించారో నేనూ దీన్ని అలాగే, ఎలిమెంట్లు నేలకు సమాంతరంగా ఉండేటట్టు బిగించి, ఘన్‌పూర్ ఉన్న నైరుతి దిక్కుకు తిప్పాను. అక్కడి నుంచి 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ కింది గదిలోకి దించాను. ఇంత చేసినా గురువుగారి మాట రబ్బరు యాంటెన్నాలో కంటే తక్కువగా వినబడుతోంది, ఒక్కోసారి స్క్వెల్చ్ (బలహీన సిగ్నల్‌ను, గరగరను ఆపే అమరిక) కూడా తెరుచుకోవడం లేదు. టేపుతో చేసిన యాంటెన్నా పనికిరాదా? పాత దూరదర్శన్ యాంటెన్నా అల్యూమినియం గొట్టాలు ఇంట్లోనే ఉన్నాయి, వాటితో మళ్లీ చేస్తే మేలవుతుందా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: కాజీపేట సభ్యుడు

తమ్ముడూ, మీ యాంటెన్నాలో లోపమేమీ కనబడటం లేదు. మీరిచ్చిన కొలతలు దాచిన ట్రాన్స్‌మిటర్ దిక్కు పట్టే పోటీలకు చాలామంది వాడే టేపు యాగీ కొలతలే. మొదట వాటిని 146.5 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి లెక్కగట్టారు కానీ మనకు అనుమతి ఉన్న 144–146 బ్యాండులోనూ అవి బాగానే పనిచేస్తాయి. తేడా అంతా మీరు దాన్ని బిగించిన తీరులో ఉంది.

దూరదర్శన్ టవరు తరంగాలను అడ్డ ధ్రువణంలో, అంటే తరంగం నేలకు సమాంతరంగా ఊగేటట్టు (హారిజాంటల్ పోలరైజేషన్‌లో) పంపేది. అందుకే ఆ రోజుల్లో ఊరూరా ఇళ్ల మీద యాంటెన్నాలన్నీ పడుకోబెట్టినట్టు ఉండేవి. మన ఎఫ్ఎం సంభాషణలు మాత్రం, హ్యాండీ అయినా, కారులో సెట్టు అయినా, రిపీటర్ (విన్న మాటను మళ్లీ బలంగా పంపే స్టేషన్) అయినా, నిలువు ధ్రువణంలో జరుగుతాయి. మీ గురువుగారి గ్రౌండ్ ప్లేన్ కూడా నిలువుదే కదా. ఒకవైపు నిలువు, మరోవైపు అడ్డం ఉన్నప్పుడు సుమారు 20 డెసిబెల్స్ వరకు నష్టం వస్తుంది, అంటే అందవలసిన శక్తిలో నూరో వంతు మాత్రమే అందుతుంది. గోడలకూ గుట్టలకూ తగిలి వచ్చే తరంగాల ధ్రువణం దారిలో కొంత మారిపోతుంది కనుక ఆచరణలో అంత మొత్తం పోకపోవచ్చు, కానీ మీరు చెబుతున్న వింతకు ప్రధాన కారణం ఇదే.

రెండవది కేబుల్. ఆర్‌జీ-58 కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు 20 డెసిబెల్స్ తినేస్తుంది. మీ 15 మీటర్లకు అది 3 డెసిబెల్స్, అంటే హ్యాండీ ఇచ్చే 5 వాట్లలో యాంటెన్నా వరకు చేరేది రెండున్నర వాట్లే. ఇప్పుడు మొత్తం లెక్క చూడండి: ఈ యాగీ డైపోల్ (రెండు సగాల సాదా యాంటెన్నా) కంటే సుమారు 5 డెసిబెల్స్ ఎక్కువ ఇస్తుంది, అందులో 3 కేబుల్‌లో పోయాయి, ధ్రువణం తేడా వల్ల మరో 20 వరకు పోయాయి. రబ్బరు యాంటెన్నా డైపోల్ కంటే ఎంతో తక్కువదే అయినా, మీరు దాన్ని నిలువుగా పట్టుకున్నారు, మధ్యలో కేబుల్ లేదు. అది గెలవడంలో ఆశ్చర్యం లేదు. ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 ఉండటాన్ని చూసి అంతా సరిగ్గా ఉందని అనుకోవడం కొత్తవారిలో తరచుగా చూస్తుంటాను. యాంటెన్నా శక్తిని తీసుకుంటున్నదని మాత్రమే ఆ అంకె చెబుతుంది, ఆ శక్తి ఏ దిక్కుకు, ఏ ధ్రువణంలో వెళుతున్నదో చెప్పదు.

దూరదర్శన్ గొట్టాలను ముందు కొలవండి. 174 మెగాహెర్ట్జ్ పైన ఉండే ఛానెళ్ల కోసం చేసిన యాంటెన్నా అయితే గొట్టాలు మీటరు కంటే పొట్టిగా ఉంటాయి, మనకు కావలసిన రిఫ్లెక్టర్ వాటితో రాదు. పాత తక్కువ ఛానెళ్లదైతే రెండు మీటర్లకు పైగా పొడవుంటాయి, వాటిని కోసి వాడుకోవచ్చు. అయితే గొట్టం లావు టేపుకు భిన్నం కనుక ఇవే కొలతలు నేరుగా సరిపోవు. దానికి తోడు దాని ఫోల్డెడ్ డైపోల్ 300 ఓముల చప్పటి తీగకు తగినది, మన 50 ఓముల కేబుల్‌కు నేరుగా తగిలించకూడదు. నా మాటగా, ప్రస్తుతం టేపు యాగీనే నిలువుగా తిప్పి చూడండి.

హనుమకొండ సభ్యుడు

అన్నా, చాలా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రమే క్లాంపు వదులు చేసి యాంటెన్నాను 90 డిగ్రీలు తిప్పాను. గురువుగారి మాట వెంటనే స్పష్టంగా వినబడింది, ఆరు నెలల్లో మొదటిసారి నా మాట కూడా ఆయనకు అందింది. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. అయితే రెండు సంగతులు అర్థం కాలేదు. ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 నుంచి 2.3కు పెరిగింది. అదీ కాక ఘన్‌పూర్ వైపు కాకుండా దాదాపు పడమరకు తిప్పినప్పుడే బాగా వినబడుతోంది. మధ్యలో గుట్టలేమైనా తరంగాన్ని మళ్లిస్తున్నాయా?

జవాబు: కరీంనగర్ సభ్యుడు

గుట్టల ప్రభావం ఉండవచ్చు. రాతి గుట్టకు తగిలి తిరిగి వచ్చే తరంగం నేరుగా వచ్చేదాని కంటే బలంగా ఉండటం మన ప్రాంతంలో నేను చాలాసార్లు చూశాను. కానీ ఎస్‌డబ్ల్యూఆర్ కూడా అదే సమయంలో పెరిగిందంటే నా అనుమానం మీ జీఐ పైపు మీద.

ఎలిమెంట్లు అడ్డంగా ఉన్నప్పుడు నిలువు పైపు వాటికి లంబంగా ఉంటుంది కనుక వాటితో దానికి పెద్దగా సంబంధం ఉండదు. ఎలిమెంట్లను నిలబెట్టిన క్షణం నుంచి ఆ పైపు వాటికి సమాంతరంగా, బూమ్ (ఎలిమెంట్లను మోసే పీవీసీ పైపు) మధ్యలో, డ్రివెన్ ఎలిమెంట్‌కు జానెడు లోపు దూరంలో నిలబడిన నాలుగో ఎలిమెంట్ అయిపోతుంది. మనం కోరని పొడవుతో, మనం కోరని చోట ఉన్న ఆ ఎలిమెంట్ శక్తిని తీసుకుని మళ్లీ తన ఇష్టం వచ్చిన దిక్కుకు విరజిమ్ముతుంది. పుంజం (యాంటెన్నా బలంగా పంపే దిక్కు) పక్కకు జరగడానికీ, ఎస్‌డబ్ల్యూఆర్ మారడానికీ అదే కారణమని నా అభిప్రాయం. డ్రివెన్ నుంచి నేరుగా కిందికి వేలాడే కేబుల్ కూడా ఇదే చేటు చేస్తుంది, ఎందుకంటే దాని పై తొడుగు సైతం లోహమే కదా.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, బూమ్‌ను రిఫ్లెక్టర్ వెనుకకు మరో అర మీటరు దాకా పొడిగించి, జీఐ పైపును ఆ వెనుక కొసకు బిగించడం. యాగీ వెనుక వైపు శక్తి తక్కువగా ఉంటుంది కనుక అక్కడ పైపు ఉన్నా పెద్ద నష్టం లేదు. రెండవది, జీఐ పైపు పై కొసకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల ఎండిన వెదురు బొంగు కట్టి, యాంటెన్నాను దాని మీద పెట్టడం. నేను వెదురునే వాడుతున్నాను. పీవీసీ పైపు ఎండాకాలంలో మెత్తబడి వంగిపోతుంది, వెదురుకు ఆ బాధ లేదు. రెండింటిలో ఏది చేసినా కేబుల్‌ను డ్రివెన్ దగ్గర నుంచి బూమ్ వెంబడి వెనుకకు తీసుకువెళ్లి, రిఫ్లెక్టర్ దాటిన తర్వాతనే కిందికి దించండి. డ్రివెన్ దగ్గర కేబుల్‌ను నాలుగైదు చిన్న చుట్లు చుట్టి కడితే తొడుగు మీద ప్రవహించే కరెంటు తగ్గుతుంది.

మరొక మాట. నిలువుగా పెట్టిన మూడు ఎలిమెంట్ల యాగీకి ఎదురుగా ఉండే పుంజం వెడల్పు సుమారు 90 డిగ్రీలు ఉంటుంది. అందుచేత పది డిగ్రీలు అటూ ఇటూ అయినా చెవికి తేడా తెలియదు. సరైన దిక్కు కనుక్కోవాలంటే బలంగా వినబడే చోటు కోసం వెతకకండి, దాదాపు మాయమయ్యే చోటు కోసం వెతకండి. ఈ కొలతల యాగీకి వెనుక వైపు నిశ్శబ్దం చాలా పదునుగా ఉంటుంది. గురువుగారి మాట అన్నిటికంటే తగ్గిన దిక్కును గుర్తుపెట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు దిక్కుకు తిప్పండి. అది నైరుతికి చేరితే మీ పైపు సమస్య తీరినట్టే. పైపు సర్దిన తర్వాత కూడా పడమరే చూపిస్తే అప్పుడు గుట్టను అనుమానించవచ్చు.

జవాబు: వరంగల్ కోట ప్రాంత సభ్యుడు

సాంకేతిక విషయాలు పెద్దలు చెప్పారు. నేను కోతుల గురించి చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లో స్లాబు మీద ఏది పెట్టినా వాటి కంట పడక తప్పదు. మా ఇంటి మీద కొన్న అల్యూమినియం యాగీ ఒక్క వేసవిలో రెండుసార్లు వంగిపోయింది, మూడోసారి డైరెక్టర్ విరిగింది. టేపు యాగీకి ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, కోతి పట్టుకుని వంచినా వదలగానే టేపు మళ్లీ నిటారుగా నిలబడుతుంది. అయినా అవి కేబుల్‌ను లాగితే టంకం ఊడిపోతుంది కనుక ఆ అతుకు దగ్గర కేబుల్‌ను బూమ్‌కు గట్టిగా కట్టివేయండి. పీవీసీ బూమ్, టేపు కలిపి బరువు కిలోకు మించదు. నేను జీఐ పైపులో వెదురు బొంగు దిగేటట్టు ఏర్పాటు చేసుకుని, మాట్లాడటం పూర్తికాగానే బొంగుతో సహా ఎత్తి గదిలో పెట్టేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఈదురుగాలి, ఉరుములు ఎప్పుడు మొదలవుతాయో చెప్పలేము. మబ్బు పట్టిందంటే స్లాబు ఎక్కకండి, అంతకుముందే దించి ఉంచండి. కేబుల్‌ను సెట్టు నుంచి ఊడదీసినంత మాత్రాన గది లోపల పిడుగు భయం తీరదు.

హనుమకొండ సభ్యుడు

కరీంనగర్ అన్న చెప్పినట్టు వెదురు బొంగు కట్టి, కేబుల్‌ను వెనుక నుంచి దించాను. ఎస్‌డబ్ల్యూఆర్ మళ్లీ 1.5కు వచ్చింది. మాట మాయమయ్యే దిక్కు ఈశాన్యంలో దొరికింది, అంటే దాని ఎదురు దిక్కు నైరుతే. కేబుల్ కోసం అడిగితే ఆర్‌జీ-213 మా దగ్గర దొరకలేదు, కేబుల్ టీవీ వాళ్లు వాడే ఆర్‌జీ-6 మాత్రం ఎంతైనా ఉంది. అది వాడవచ్చా? చివరిగా ఒక ఆశ: హైదరాబాద్ కూడా ఇంచుమించు అదే దిక్కున ఉంది కదా, ఈ యాంటెన్నాతో అక్కడి రిపీటర్ అందుతుందా?

జవాబు: కాజీపేట సభ్యుడు

ఆర్‌జీ-6 నిరభ్యంతరంగా వాడండి. అది 75 ఓముల కేబుల్ కనుక దాని పొడవును బట్టి ఎస్‌డబ్ల్యూఆర్ కొంత పెరిగినట్టు చూపవచ్చు, కానీ 5 వాట్ల హ్యాండీకి దానివల్ల ప్రమాదం లేదు. దాని నష్టం 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-58 నష్టంలో సగం కంటే తక్కువ. అల్యూమినియం అల్లిక తొడుగుకు టంకం పట్టదు కనుక బిగించే కనెక్టర్లే వాడాలి. ఇంకా మంచి ఉపాయం, మాట్లాడేటప్పుడు హ్యాండీ పట్టుకుని స్లాబు మీదికే వెళ్లి రెండు మీటర్ల కేబుల్‌తో సరిపెట్టుకోవడం.

హైదరాబాద్ సంగతి లెక్కతో చూద్దాం. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం (తరంగం నేరుగా చేరే హద్దు) ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మీ యాంటెన్నా నేల నుంచి 10 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే 13 కిలోమీటర్లు. ఘన్‌పూర్‌లో గురువుగారిదీ అంతే ఉంటే రెండూ కలిపి 26, మీ ఇద్దరి మధ్య దూరం కూడా పాతిక కిలోమీటర్లకు కొంచెం పైనే. సరిగ్గా అంచున ఉన్నారు కనుకనే యాంటెన్నా తిప్పడం మీకు అంత తేడా చూపింది. హైదరాబాద్ నేల మన హనుమకొండ కంటే సుమారు 270 మీటర్లు ఎత్తు. అక్కడ 30 మీటర్ల టవరు ఉందనుకుని మన నేల మట్టం నుంచి 300 మీటర్లుగా లెక్కిస్తే దిగంతం 71 కిలోమీటర్లు, మీ 13 కలిపితే 84. ఇక్కడి నుంచి అక్కడికి గాలి దారి 130 కిలోమీటర్లకు పైనే. పైగా ఇది అన్ని విధాలా అనుకూలమైన లెక్క, నిజానికి జనగామ వైపు పోయే కొద్దీ నేల ఎత్తు పెరుగుతూ దారికి అడ్డం వస్తుంది. అందువల్ల ప్రతిరోజూ అందుతుందని ఆశ పెట్టుకోవద్దు.

కానీ పూర్తిగా వదులుకోవద్దు కూడా. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా, దాని పైన గాలి వెచ్చగా ఉన్నప్పుడు తరంగాలు కిందికి వంగి దిగంతం దాటి వస్తాయి. పొగమంచు కదలకుండా నిలిచిన ఉదయం, సూర్యోదయానికి అరగంట ముందు నుంచి గంట తర్వాత వరకు, యాంటెన్నాను సుమారు 240 డిగ్రీలకు తిప్పి, స్క్వెల్చ్ పూర్తిగా తెరిచి రిపీటర్ పంపే ఫ్రీక్వెన్సీ మీద వినండి. మన దగ్గర దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా లేనట్టే, కాబట్టి ఫోనులోని దిక్సూచి చాలు. వినబడితేనే పీటీటీ (మాట పంపే బటన్) నొక్కండి. వినబడిన రోజు తేదీ, సమయం, మంచు ఉందా లేదా అన్నది లాగ్‌లో రాసి ఇక్కడ పెట్టండి, కాజీపేట నుంచి నేను కూడా అదే ఉదయాల్లో వింటూ ఉంటాను.