పచ్చబొట్ల ఫోటో పుస్తకాలను ఎలా బేరీజు వేయాలి?

పుస్తకాల బీరువా:

అందరికీ నమస్కారం. నేను ఒక లలితకళల కళాశాల గ్రంథాలయంలో పని చేస్తున్నాను. పచ్చబొట్ల కళ మీద వచ్చిన ఫోటో పుస్తకాలు కొన్ని తెప్పించమని ఫోటోగ్రఫీ, చిత్రలేఖనం విభాగాలవారు ఈ ఏడాది కలిసి అడిగారు. ఇవన్నీ పెద్ద సైజులో, ఆర్ట్ పేపరు మీద అచ్చయిన ఖరీదైన సంపుటాలు కాబట్టి, ఉన్న డబ్బుకు మూడు నాలుగుకు మించి రావు. చూడటానికి వచ్చిన ప్రతులను తిరగేస్తుంటే ప్రతి పేజీ కళ్ళు చెదిరేలా ఉంటోంది గానీ, మూసేశాక ఏదీ గుర్తుండటం లేదు. పచ్చబొట్టు బాగుండటం వేరు, దాని ఫోటో బాగుండటం వేరు, ఆ ఫోటోలతో కూర్చిన పుస్తకం బాగుండటం వేరు అని నాకు తెలుసు. ఈ మూడింటినీ విడదీసి చూడటం ఎలాగన్నదే నా ప్రశ్న. వందల బొమ్మలున్న పుస్తకం విద్యార్థులకు ఎక్కువ ఉపయోగమని ఒక అధ్యాపకుడి అభిప్రాయం. దాని మీద కూడా మీ మాట చెప్పగలరు.

సూదిమొన:

నమస్కారమండీ. నేను పచ్చబొట్లు వేసే వృత్తిలోనే ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. పుస్తకం తెరవగానే నేను వెతికేది మానిన పచ్చబొట్లు ఉన్నాయా లేదా అని. సూది దించిన రోజు తీసిన ఫోటోలో రంగు గాఢంగా ఉంటుంది, గీతల చుట్టూ చర్మం కాస్త కంది ఉంటుంది, పైన రాసిన లేపనం వల్ల మెరుపు వస్తుంది. కొన్ని వారాలకు పైపొర రాలి రంగు కుదురుకుంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గీతలు కొద్దిగా విప్పారతాయి. కళాకారుడి చేతిని నిజంగా పరీక్షించేది ఆ తరువాతి దశే. పుస్తకం నిండా ఆ రోజే వేసిన పనులే కనిపిస్తే దాన్ని దుకాణం కేటలాగుగానే లెక్కవేస్తాను, బొమ్మలు వంద ఉన్నా వెయ్యి ఉన్నా సరే.

రెండోది, బొమ్మను ఎక్కడ కత్తిరించారన్నది. జపాను సంప్రదాయంలో వీపు మొత్తం, ఒక్కోసారి మెడ నుంచి తొడల దాకా, ఒకే చిత్రం. వీరుడూ డ్రాగనూ ఎంత ముఖ్యమో వాటి వెనకాల సాగే అలలూ మబ్బులూ గాలి పట్టీలూ అంతే ముఖ్యం. అవే ఒంటి వంపుల వెంట బొమ్మను కలుపుతూ పోతాయి. జపాను చిత్రకారుడు ఉతగావా కునియోషి 1827 నుంచి వెలువరించిన సుయికోడెన్ (ఒక పాత చైనా నవలకు జపాను పేరు) వీరుల చెక్క అచ్చు చిత్రాల్లో ఆ వీరుల ఒంటినిండా పచ్చబొట్లు ఉంటాయి, అక్కడ కూడా బొమ్మ ఒంటితో పాటు కదులుతున్నట్టే ఉంటుంది. డ్రాగన్ తలను మాత్రం దగ్గరగా తీసి పేజీ నింపే పుస్తకం చూడముచ్చటగా ఉండవచ్చు గానీ, ఆ కూర్పు ఎలా జరిగిందో విద్యార్థికి చెప్పదు. నిండు వీపు, పక్క నుంచి ఒకటి, ఆ తరువాతే దగ్గరి బొమ్మ ఉన్న పుస్తకాన్ని నేను ముందుకు జరుపుతాను.

అచ్చుయంత్రం:

పై మాటలతో ఏకీభవిస్తూ అచ్చు సంగతి చేరుస్తాను. అమెరికన్ ఫోటోగ్రాఫర్ శాండీ ఫెల్‌మన్ 1986లో వెలువరించిన ‘ద జాపనీస్ టాటూ’ కోసం సుమారు 50 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తున్న పోలరాయిడ్ ఫోటోలు ఇచ్చే భారీ కెమెరాను వాడారు. అందులో నెగటివ్ నుంచి పెద్దది చేయడమన్నదే లేదు, తీసినదే తుది ప్రతి. అందుకే చర్మం మీది రంధ్రాలు కూడా ఫోటోలో నిలిచాయి. ఆ పరిమాణంలో మొదలైన ఫోటో పుస్తకంలోకి వచ్చేసరికి కుదించబడుతుంది, చిన్న కెమెరాతో తీసినది మాత్రం పుస్తకానికి సరిపడా సాగదీయబడుతుంది. పేజీ మీద ఈ తేడా దాగదు.

మీ దగ్గరున్న ప్రతులను కిటికీ వెలుతురులో చూడండి. ముదురు చర్మం మీద నల్లటి సిరా ఉన్న ఫోటోలే అసలు పరీక్ష, ఎందుకంటే అక్కడ చర్మపు ఛాయకూ సిరా ఛాయకూ మధ్య దూరం చాలా తక్కువ. మధ్యస్థపు ఛాయలు సరిగా విడివడకపోతే రెండూ కలిసి ఒకే మసక ముద్ద అవుతాయి. దాన్ని సవరించబోయి కాంట్రాస్టు పెంచితే చర్మం బొగ్గులా మారి, సిరా పైన అతికించినట్టు కనిపిస్తుంది. మన పల్లెల్లో పెద్దవాళ్ళ చేతుల మీద వెలిసి పచ్చగా మిగిలిన చుక్కలనూ గీతలనూ మీ విద్యార్థులు ఎప్పుడైనా ఫోటో తీయదలిస్తే వాళ్ళకూ ఇదే చిక్కు ఎదురవుతుంది. ఇంకొకటి: నిండు వీపును రెండు పేజీల మీద పరిచి, వెన్నెముకను సరిగ్గా మడతలో పూడ్చిన పుస్తకాలు నేను చాలా చూశాను. ఆ పని చేసినవారు పచ్చబొట్టును చూడలేదనే అనుకుంటాను.

దండకారణ్యం:

నేను మానవశాస్త్రం చదువుతున్నాను. పాత ఫోటోలున్న పుస్తకాల విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. పంతొమ్మిదో శతాబ్దపు తడి కొలోడియన్ ప్లేట్లు (రసాయనం పూసి, తడి ఆరకముందే ఫోటో తీసే పలకలు) ప్రధానంగా నీలి కాంతికే స్పందించేవి. చర్మం లోపల ఉన్న నల్ల సిరా బయటికి నీలంగా కనిపిస్తుంది కాబట్టి ఆ ప్లేటు మీద అది తేలికగా పడుతుంది, చర్మమేమో ముదురుగా పడుతుంది, చివరికి రెండూ ఒకే ఛాయకు వస్తాయి. న్యూజిలాండు ఆదివాసులైన మావోరీల ముఖాల మీది మోకో అనే సంప్రదాయ పచ్చబొట్టు అప్పటి ఎన్నో ఫోటోల్లో మాయమైపోవడానికి ఇదే కారణం. కొందరు ఫోటోగ్రాఫర్లు ఆ గీతలను తరువాత చేత్తో దిద్దేవారు. మైకేల్ బ్రాడ్లీ అనే ఫోటోగ్రాఫర్ 2018లో ‘పువాకీ’ అనే ప్రదర్శనలో నేటి మావోరీలను ఆ పాత పద్ధతిలోనూ డిజిటల్ కెమెరాతోనూ తీసి పక్కపక్కన పెట్టారు. ఒకదానిలో గీతలు లేవు, మరొకదానిలో ముఖమంతా గీతలే. కనుక పాత ఫోటోను ఏ పద్ధతిలో తీశారో, ఎవరైనా దిద్దారో చెప్పకుండా సాక్ష్యంగా అచ్చువేసే పుస్తకాన్ని నేను నమ్మను.

ఇక బొమ్మ కింది వివరం. ‘గిరిజన స్త్రీ’ అని రాసి ఊరుకున్న పుస్తకానికీ, ఆమె పేరు, ఊరు, ఎవరు పొడిచారు, ఏ సందర్భంలో అని రాసిన పుస్తకానికీ మధ్య ఎంపిక కష్టం కాకూడదు. నాగాలాండులోని కొన్యాక్ తెగ మీద 2017లో వచ్చిన పుస్తకానికి పీటర్ బోస్ ఫోటోలు తీయగా, ఆ జాతికే చెందిన ఫెజిన్ కొన్యాక్ రచన చేశారు. ఆమె ముత్తాత కూడా పచ్చబొట్లున్న యోధుడే. ఆ పచ్చబొట్లు శత్రువుల తలలు నరికి తెచ్చే ఆచారంతో ముడిపడినవి, ఆ ఆచారం ఆగిపోయింది కాబట్టి వాటిని ధరించినవారు ఇప్పుడు వృద్ధులే. అలాంటి చోట అందమైన ముఖాల ఫోటోలు మాత్రమే ఇస్తే సరిపోదు, ఆ పుస్తకం అక్కడ ఆగలేదు.

పుస్తకాల బీరువా:

మీ అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. రష్యా ఖైదీల పచ్చబొట్ల సంపుటాలను తెప్పించమని ఒకరు గట్టిగా అడుగుతున్నారు. దండకారణ్యం గారి కొలమానంతో చూస్తే అవి నిలుస్తాయా?

సూదిమొన:

ఆ కొలమానాన్ని అక్కడ కొంచెం సడలించాలని నా అభిప్రాయం. డాన్‌జిగ్ బల్దాయెవ్ లెనిన్‌గ్రాడ్‌లోని క్రెస్తీ జైలులో కాపలాదారుగా ఉంటూ ఆ సంపుటాల్లోని ఖైదీల పచ్చబొట్లను చేత్తో గీసి పెట్టుకున్నారు, సెర్గేయ్ వాసిల్యేవ్ ఫోటోలు వాటికి తోడుగా వచ్చాయి. గీసిన బొమ్మలో గీత స్పష్టంగా ఉంటుంది, ఫోటోలో ఆ గీత ఎంత మోటుగా, ఏ బక్క ఒంటి మీద ఉందో తెలుస్తుంది. ఒకదాన్ని ఒకటి సరిచూసుకునే వీలు ఇంకే పుస్తకంలోనూ నాకు ఇంత బాగా దొరకలేదు. అర్కాదీ బ్రోన్నికోవ్ అనే మరొకరి ఖైదీల ఫోటోల సేకరణ అయితే పోలీసు అవసరానికి తీసినదే, అందులో ఫోటోగ్రాఫర్ సోకులేమీ లేవు, అదే దాని విలువ.

దండకారణ్యం:

విలువ ఉందని నేనూ ఒప్పుకుంటాను, తెప్పించండి. అయితే ఆ మనుషులు కెమెరా ముందు తమంతట తాము నిలబడినవారు కారనీ, అర్థాలు రాసింది కాపలా కాసినవారి వైపు నుంచేననీ విద్యార్థులకు ముందే చెప్పాలి. కొన్యాక్ పుస్తకాన్నీ దాన్నీ పక్కపక్క బల్లల మీద పెట్టి చూపిస్తే, ఎవరు ఎవరి ఒంటిని ఏ హక్కుతో చూస్తున్నారన్న చర్చ తరగతిలో దానంతట అదే మొదలవుతుంది.

అచ్చుయంత్రం:

ఫెల్‌మన్ పుస్తకం పాత ప్రతి దొరికితే డబ్బు కట్టే ముందు ఒక నిండు వీపు ఫోటోనూ, నడిమి పేజీల కుట్టునూ ఫోటో తీసి పంపమని అమ్మేవారిని అడగండి. ఇంత బరువైన పుస్తకాల్లో ముందు వదులయ్యేది కుట్టే.